సైనస్ పెద్దదైతే – లోపల ఏముందో తెలుసుకోండి
(రోగుల కుటుంబ సభ్యులకు ఆరోగ్య పాఠం)



"ఆయనకు సైనస్ ఉందంట" అనే మాట మన మొగుడంపల్లి, జహీరాబాద్ ప్రాంతంలో వినని ఇల్లు లేదు. తల నొచ్చినా, ముక్కు కారినా, పొద్దున లేవగానే తుమ్ములు వచ్చినా అదే మాట అంటాం. నిజానికి సైనస్ అనేది జబ్బు పేరు కాదు. దేవుడు మన ముఖపు ఎముకల్లో ఉంచిన గాలి గదికి ఆ పేరు. ఆ గది అందరికీ ఉంటుంది. అందులో వాపు వచ్చినప్పుడు దాన్ని సైనసైటిస్ అంటారు.

జలుబుతో వచ్చే మామూలు సైనసైటిస్ గురించి చాలామందికి తెలుసు. ఈ పాఠం వేరొక విషయం గురించి. కొందరికి స్కాన్ తీయిస్తే "సైనస్ మామూలు కన్నా పెద్దగా ఉంది" అని రిపోర్టులో వస్తుంది. కొందరికి స్కాన్ కన్నా ముందే నుదురు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, చెంప లావెక్కుతుంది, ఒక కన్ను ముందుకు పొడుచుకు వస్తుంది. ఆ మాట వినగానే కొన్ని కుటుంబాలు కేన్సరేమోనని భయంతో అన్నం మానేస్తాయి. మరికొన్ని కుటుంబాలు "నొప్పి లేదు కదా, చూద్దాంలే" అని ఏళ్ల తరబడి ఊరుకుంటాయి. రెండూ మంచివి కావు.

ఈ పాఠం నుండి ఒక్క ప్రశ్న నేర్చుకుంటే చాలు. డాక్టరు గారిని ఇలా అడగండి: "పెద్దదైన ఆ గదిలో ఏముందండీ? గాలా, జిగురా, బూజా, గడ్డా?" ఆ జవాబును బట్టే ఎంత తొందరపడాలో, ఏ చికిత్స చేయాలో తేలుతుంది.

1. ఈ గదులు ఎక్కడ ఉంటాయి?

మన ముఖంలో నాలుగు జతల సైనస్‌లు ఉంటాయి. రిపోర్టులో వాటి పేర్లు ఇలా కనిపిస్తాయి.

ఫ్రాంటల్ – నుదుటిలో, కనుబొమ్మల పైన ఉంటాయి.
మాక్సిలరీ – రెండు చెంపల్లో, పై పళ్ల వేర్లకు పైన ఉంటాయి. ఇవి అన్నిటికన్నా పెద్దవి.
ఎత్మాయిడ్ – రెండు కళ్ల మధ్య తేనెపట్టు గూళ్ల లాగ చిన్నచిన్న గదులుగా ఉంటాయి.
స్ఫినాయిడ్ – ముక్కుకు బాగా వెనుక, తల మధ్యలో, కంటి నరాల పక్కనే ఉంటాయి.

ఇవన్నీ ఒకేసారి తయారు కావు. చెంపల్లోనివి, కళ్ల మధ్యవి పుట్టుకతోనే చిన్నవిగా ఉంటాయి. నుదుటిలోనివి బడి వయసులో పెరగడం మొదలై, యౌవనం వచ్చేసరికి పూర్తి రూపానికి వస్తాయి. కొందరికి నుదుటి సైనస్ అసలు ఉండదు, అది జబ్బు కాదు. మగవారిలో సాధారణంగా కొంచెం పెద్దగా ఉంటుంది, అదీ జబ్బు కాదు.

ప్రతి గది లోపల పలుచని తడి పొర ఉంటుంది. అది రోజూ కొంత జిగురు నీటిని ఊరిస్తుంది. ఆ జిగురు మనం పీల్చిన దుమ్మును, క్రిములను పట్టుకుంటుంది. పొర మీద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు ఎప్పుడూ కదులుతూ జిగురును చిన్న ద్వారం గుండా ముక్కులోకి తోస్తుంది. చెంప సైనస్ ద్వారం అడుగున కాకుండా పైభాగాన ఉంటుంది. బావి నుండి మోటతో నీళ్లు పైకి తోడినట్లు, ఆ నూగు జిగురును పైకి తోడాలి. జలుబుతోనో, అలర్జీతోనో ఆ ద్వారం ఉబ్బి మూసుకుపోతే లోపలి ఊట నిలిచిపోతుంది. చాలా కష్టాలకు మొదలు అక్కడే.

ఇంకొక మాట గుర్తుంచుకోండి. ఈ గదులకు, కంటికి మధ్య గోడ చాలా పలుచన. ఎత్మాయిడ్‌కు, కంటికి మధ్య ఉన్న ఎముకకు వైద్యులు పెట్టిన పేరుకే "కాగితపు పలక" అని అర్థం. నుదుటి సైనస్ వెనుక గోడకు అవతల మెదడు ఉంటుంది. అందుకే ఒక గది పెరిగినప్పుడు పక్కనున్న కంటి గురించి, మెదడు గురించి ఆలోచించాలి.

2. లోపల గాలి మాత్రమే ఉంటే

కొందరిలో సైనస్ పెద్దదవుతుంది గాని లోపల చీము, జిగురు, గడ్డ ఏదీ ఉండదు. స్కాన్‌లో శుభ్రమైన గాలి నల్లగా కనిపిస్తుంది. ఇది అరుదు. ఎక్కువగా నుదుటి సైనస్‌లో, యువకులలో, నడివయసు మగవారిలో చూస్తారు. రిపోర్టులో "న్యూమోసైనస్ డైలటాన్స్" అని రాస్తారు. గాలితో సైనస్ సాగిందని దాని అర్థం. ఈ పేరు 1918 నుండి వాడుకలో ఉంది. 1987లో అర్కెన్ అనే వైద్యుడు, ఆయన తోటివారు దీనిని మూడు రకాలుగా విడదీశారు.

మొదటిది హైపర్‌సైనస్. గది పెద్దదే, కాని ఎముక హద్దు దాటలేదు. ముఖం ఆకారం మారదు. ఏ బాధా లేకపోతే మందు కూడా అక్కరలేదు.

రెండవది న్యూమోసైనస్ డైలటాన్స్. గది తన హద్దు దాటి నుదుటి వైపో, కంటి వైపో ఉబ్బింది. గోడ మందం మాత్రం మామూలుగానే ఉంది.

మూడవది న్యూమోసీల్. గది ఉబ్బడమే కాక గోడ పలుచబడింది, లేదా ఒకచోట అరిగిపోయింది.

ఇలా ఎందుకు అవుతుంది? అందరికీ వర్తించే ఒకే కారణం లేదు. వైద్యులు చూసే కారణాలు ఇవి.

(అ) ద్వారం దగ్గర పొర కవాటం లాగ పనిచేయడం. సైకిల్ ట్యూబు వాల్వులో గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు. తుమ్మినప్పుడు, ముక్కు గట్టిగా చీదినప్పుడు గాలి లోపలికి పోయి అక్కడే చిక్కుకుంటే ఏళ్ల మీద గది ఉబ్బవచ్చు.

(ఆ) పక్కన వేరే జబ్బు ఉండడం. మెదడు పొరల మీద పెరిగే మెనింజియోమా అనే గడ్డ, ముఖ్యంగా కంటి నరం దగ్గరిది, పక్కనున్న సైనస్‌ను పెద్దది చేయవచ్చు. ఎముక లోపల పీచులాగ మారే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అనే జబ్బుతో కూడా ఇలా జరుగుతుంది. అందుకే గాలి మాత్రమే ఉన్నా, చూపు తగ్గిందంటే డాక్టర్లు ఎంఆర్ఐ తీయించమంటారు. అది అనవసరపు ఖర్చు అనుకోకండి.

(ఇ) చిన్నతనంలో మెదడు ఒకవైపు సరిగా పెరగకపోవడం. పుట్టినప్పుడో, పసితనంలోనో మెదడుకు దెబ్బ తగిలిన కొందరు పిల్లలకు ఫిట్స్ వస్తాయి, ఒక పక్క చేయి, కాలు బలహీనంగా ఉంటాయి. మెదడు చిన్నదైన వైపు పుర్రె ఎముక మందంగా, సైనస్ పెద్దగా పెరిగి ఆ ఖాళీని నింపుతాయి. దీనిని 1933లో డైక్, డేవిడాఫ్, మాసన్ అనే ముగ్గురు వైద్యులు వివరించారు. మీ పిల్లవాడి స్కాన్ రిపోర్టులో ఈ ముగ్గురి పేర్లు ఉంటే, ఆపరేషన్ సైనస్‌కు కాదని తెలుసుకోండి. ఫిట్స్ మందు మానకుండా వేయడం, చేతికి కాలికి ఫిజియోథెరపీ చేయించడం ముఖ్యం.

(ఈ) ఎదుగుదల హార్మోన్ ఎక్కువ కావడం. పెద్దవారిలో మెదడు కింది గ్రంథి ఈ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తే నుదుటి ఎముక, కింది దవడ, చేతులు, పాదాలు పెరుగుతాయి. ఉంగరం పట్టక తీసేశారా? చెప్పుల సైజు పెరిగిందా? పళ్ల మధ్య సందులు వచ్చాయా? ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఒక రక్త పరీక్షతో విషయం మొదలవుతుంది.

3. లోపల జిగురు నిండితే – మ్యూకోసీల్

కుటుంబాలు ఎక్కువ జాగ్రత్తగా చదవవలసిన భాగం ఇది.

ద్వారం పూర్తిగా మూసుకుపోయినా లోపలి పొర జిగురును ఊరిస్తూనే ఉంటుంది. మూత వేసినంత మాత్రాన బావిలో ఊట ఆగదు కదా! పోయే దారి లేక జిగురు సంచిలాగ పేరుకుంటుంది. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంచి చుట్టూ ఉన్న ఎముకను నొక్కి, అరగదీసి, పలుచన చేస్తుంది. దీనినే మ్యూకోసీల్ అంటారు. ఇది కేన్సర్ కాదు. కాని వదిలేస్తే కేన్సర్ లాగానే ఎముకను తినేస్తుంది.

ఎక్కువగా నుదుటి సైనస్‌లో, తరువాత కళ్ల మధ్య గదుల్లో వస్తుంది. కారణాలు: చాలాకాలంగా ఉన్న సైనసైటిస్, అలర్జీ, ముక్కులో కండ పెరగడం (పాలిప్స్), ముఖానికి పాత దెబ్బ, పూర్వం ముక్కుకు జరిగిన ఆపరేషన్, ద్వారం దగ్గర పుట్టిన చిన్న ఎముక గడ్డ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై అయిదేళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. పదేళ్ల కిందట మోటారు సైకిలు మీద నుండి పడి నుదురు పగిలింది. కుట్లు వేశారు, మానింది, అందరూ మరచిపోయారు. రెండేళ్లుగా కనుబొమ్మ పైన బరువుగా ఉంటోంది. మెడికల్ షాపు బిళ్లతో తగ్గుతుంది. కుడి కన్ను కొంచెం కిందికి జారినట్లు ఉందని భార్య అంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఒకరోజు చెరకు బండి తోలుతుండగా ఎదురుగా వచ్చే లారీ రెండుగా కనిపించింది. అప్పుడు గాని ఆస్పత్రికి రాలేదు. పదేళ్ల కిందటి దెబ్బకు ఈ రోజు కన్నుకు సంబంధం ఉందని ఆయనకు తట్టదు. అది డాక్టరుకు చెప్పవలసింది ఇంటివారే. పాత దెబ్బలు, పాత ఆపరేషన్లు ఎన్నేళ్లవైనా తప్పక చెప్పండి.

కన్ను ఎటు జరిగిందనేదాన్ని బట్టి డాక్టరు ఏ గదో ఊహించగలరు. నుదుటి సైనస్ ఉబ్బితే కన్ను కిందికి, బయటి వైపుకు జరుగుతుంది. కళ్ల మధ్య గది ఉబ్బితే చెవి వైపుకు జరుగుతుంది. చెంప సైనస్ ఉబ్బితే పైకి లేస్తుంది. లోతున ఉన్న స్ఫినాయిడ్ ఉబ్బితే ముఖంలో ఏ మార్పూ కనిపించకపోవచ్చు. తల మధ్యలో నొప్పి, చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడమే గుర్తులు. అందుకే ఇది మోసపుచ్చే రకం. కళ్లద్దాలు రెండుసార్లు మార్చినా ఒక కంటికి చూపు కుదరకపోతే ముక్కు, సైనస్ సంగతి కూడా అడగండి.

ఈ సంచిలోని జిగురుకు క్రిములు సోకితే అది చీము సంచి అవుతుంది. అంతవరకు ఏళ్ల మీద నడిచిన జబ్బు గంటల మీద నడుస్తుంది. జ్వరం, కన్ను వాపు, చూపు పోవడం, మెదడు పొరల వాపు వరకు పోవచ్చు. నొప్పి లేని రోజుల్లోనే చికిత్స చేయించుకోమని మేము బతిమాలేది ఇందుకే.

4. లోపల బూజు ఉంటే

ఫంగస్ అనగానే 2021 గుర్తుకు వస్తుంది. కరోనా రెండవ అలలో బ్లాక్ ఫంగస్ ఎన్నో కుటుంబాలను ఏడిపించింది. ఆ ఏడాది మే 20న తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిని ఆ చికిత్సకు ముఖ్య కేంద్రంగా నిర్ణయించారు. షుగర్ అదుపు తప్పినవారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడినవారికి ఆ జబ్బు సోకింది. కరోనా తగ్గినా ఆ జబ్బు లోకం నుండి పోలేదు. షుగర్ బాగా పెరిగినవారికి ఇప్పటికీ వస్తుంది.

అయితే సైనస్‌ను పెద్దది చేసే బూజు వేరు. దానిని అలర్జిక్ ఫంగల్ సైనసైటిస్ అంటారు. ఇది షుగర్ లేని, ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులకు కూడా వస్తుంది. మన దేశం వంటి వేడి ప్రాంతాల్లో ఎక్కువగా చూస్తాం. గాలిలో ఉండే బూజుకు శరీరం అలర్జీతో స్పందిస్తుంది. సైనస్‌లలో నూరిన పల్లీల ముద్ద వంటి చిక్కని పదార్థం నిండుతుంది. ముక్కులో కండ పెరుగుతుంది. గదులు మెల్లగా ఉబ్బి కన్ను బయటికి తోసుకు వస్తుంది.

రెండింటికీ తేడా ఇలా గుర్తుంచుకోండి. బ్లాక్ ఫంగస్ గంటలు, రోజుల్లో పాకుతుంది, ప్రాణం తీస్తుంది. అలర్జీ ఫంగస్ నెలలు, ఏళ్లలో పెరుగుతుంది, ఆపరేషన్‌తో శుభ్రం చేయవచ్చు. కాని అది మళ్లీ మళ్లీ వచ్చే గుణం గలది. ఆపరేషన్ తరువాత ముక్కు కడుక్కోవడం, డాక్టరు ఇచ్చిన స్ప్రే వాడడం ఏళ్ల తరబడి మానకూడదు. రిపోర్టులో "ఫంగల్" అనే మాట చూసి ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకముందే ఏ రకమో అడగండి.

5. లోపల తిత్తి లేదా గడ్డ ఉంటే

పై దవడ పళ్ల వేర్లకు, చెంప సైనస్ అడుగుకు మధ్య దూరం చాలా తక్కువ. పుచ్చిన పన్ను వేరు దగ్గర, లేదా బయటికి రాకుండా లోపలే ఉండిపోయిన పన్ను చుట్టూ నీటి తిత్తి ఏర్పడి సైనస్‌లోకి పెరగవచ్చు. చెంప లావెక్కుతుంది, అంగిలి ఉబ్బుతుంది. ఒకే వైపు ముక్కు నుండి చెడు వాసన వస్తుంటే పంటి డాక్టరుకు కూడా చూపించాలి.

కేన్సర్ గడ్డలు అరుదు, కాని వాటి గుర్తులు ఇంటివారికి తెలియాలి. ఒకే వైపు ముక్కు మూసుకుపోవడం, రక్తంతో కలిసిన చీమిడి, చెంప తిమ్మిరి, కారణం లేకుండా పై పళ్లు కదలడం, కట్టుడు పళ్లు ఉన్నట్టుండి పట్టకపోవడం. ఇవి మూడు వారాలు దాటితే ఆలస్యం చేయవద్దు. ఏళ్ల తరబడి కర్ర పొట్టు పీల్చే వడ్రంగి పనివారికి ముక్కు, సైనస్ కేన్సర్ ముప్పు ఎక్కువని ప్రపంచమంతటా గుర్తించారు. అటువంటివారు పనిచేసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

సాధారణంగా అలర్జీ రెండు వైపులా బాధ పెడుతుంది. ఎప్పుడూ ఒకే వైపు బాధ అంటే పరీక్ష చేయించాలి. ఈ ఒక్క సూత్రం చాలామందిని సకాలంలో ఆస్పత్రికి చేరుస్తుంది.

చిన్నపిల్లల ముక్కులో కండలాగ కనిపించేది కొన్నిసార్లు మెదడు పొర కిందికి జారినది కావచ్చు. స్కాన్ చూడకుండా దానిని ఎవరినీ లాగనివ్వకండి, కోయనివ్వకండి.

6. ఇంటి దగ్గర మీరు చూడగలిగినవి

మెల్లగా వచ్చే మార్పు అద్దంలో రోజూ చూసుకునే మనిషికి తెలియదు. ఇంటివారే కనిపెట్టాలి. దీనికి ఖర్చు లేదు.

1) పాత ఫొటో తీయండి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పెళ్లి ఆల్బమ్ ఏదైనా సరే. నుదురు, కళ్లు, చెంపలు ఇప్పటి ముఖంతో పోల్చండి. ఆ ఫొటోను ఆస్పత్రికి కూడా తీసుకురండి. మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పడానికి అది మంచి సాక్ష్యం.

2) మనిషిని కూర్చోబెట్టి, తల కొంచెం వెనక్కు వాల్చమని, మీరు వెనుక నిలబడి పైనుండి చూడండి. ఒక కన్ను రెండవదాని కన్నా ముందుకు వచ్చిందా?

3) ఒక్కొక్క కన్ను మూసి చూడమనండి. గోడ మీది క్యాలెండరు అంకెలు రెండు కళ్లకూ ఒకేలా కనిపిస్తున్నాయా? ఎర్రని వస్త్రం ఒక కంటికి వెలిసినట్లు కనిపిస్తే కంటి నరం మీద ఒత్తిడి ఉండవచ్చు. రెండు కళ్లతో చూసినప్పుడు ఈ తేడా బయటపడదు.

4) తల కదపకుండా మీ వేలును పైకి, కిందికి, పక్కలకు కంటితో వెంబడించమనండి. ఒకటి రెండుగా కనిపిస్తోందా?

5) వాపు మీద వేలితో మెల్లగా తాకండి. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది చెప్పగలిగితే చాలు. నొక్కకండి, పిసకకండి.

7. ఈ గుర్తులుంటే ఆ రోజే బయలుదేరండి

• చూపు ఒక్కసారిగా తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం
• కన్ను ఎర్రబడి, రెప్ప ఉబ్బి, జ్వరం రావడం, కన్ను కదపలేకపోవడం
• తీవ్రమైన తలనొప్పితో వాంతులు, మెడ బిగుసుకోవడం, మగత, ఫిట్స్
• జ్వరంతో పాటు నుదుటి మీద మెత్తని వాపు
• షుగర్ ఉన్నవారికి ముఖం తిమ్మిరి, అంగిలి మీద లేదా ముక్కులో నల్లని మచ్చ
• ముక్కు నుండి ఆగని రక్తం

పై గుర్తుల్లో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. తెల్లవారనివ్వాలని చూడవద్దు. కంటి నరం మీది ఒత్తిడిని త్వరగా తొలగిస్తే చూపు తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. ఎక్కువకాలం నలిగిన నరం మళ్లీ పూర్తిగా కోలుకోదు.

8. పరీక్షలు, చికిత్స

ముందుగా ఈఎన్‌టీ డాక్టరు సన్నని గొట్టపు కెమెరాతో ముక్కు లోపల చూస్తారు. తరువాత సీటీ స్కాన్. ఎముక ఎక్కడ పలుచబడిందో సీటీలో బాగా తెలుస్తుంది. మెదడుకు, కంటి నరానికి సంబంధం ఉందనుకుంటే ఎంఆర్ఐ కూడా అవసరం. మామూలు ఎక్స్‌రేతో ఇవన్నీ తేలవు. కంటి డాక్టరు చూపును పరీక్షించి రాసి ఉంచుతారు. ఆపరేషన్‌కు ముందు ఎంత ఉంది, తరువాత ఎంత వచ్చింది అని పోల్చడానికి అది అవసరం.

గాలి మాత్రమే ఉండి ఇబ్బంది లేకపోతే డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చూపిస్తే చాలు. ముక్కు గట్టిగా చీదకూడదు. కంటికి ఒత్తిడి ఉన్నా, ముఖం బాగా వికారమైనా ఆపరేషన్ ఆలోచిస్తారు.

మ్యూకోసీల్‌కు మందులతో నయం కాదు. ముక్కు లోపలి నుండే ఎండోస్కోపుతో సంచిని విశాలంగా తెరిచి, జిగురు ముక్కులోకి కారిపోయే దారి చేస్తారు. చాలామందికి ముఖం మీద కోత ఉండదు. కొందరికి మాత్రం నుదుటి వైపు నుండి కూడా చేయవలసి వస్తుంది, కొన్నిసార్లు మెదడు సర్జన్ కూడా తోడుంటారు. ఇది ఏళ్ల తరువాత కూడా తిరిగి రావచ్చు గనుక బాగున్నా మళ్లీ చూపించుకోవడానికి రండి.

ఆపరేషన్ తరువాత కొద్ది రోజులు రక్తం కలిసిన చీమిడి మామూలే. డాక్టరు చెప్పేదాకా ముక్కు చీదవద్దు, బరువులు ఎత్తవద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. వంగినప్పుడు ఒకే వైపు నుండి నీళ్లలాగ చుక్కలు కారితే, కన్ను ఉబ్బితే, చూపు తగ్గితే వెంటనే రావాలి.

మన ప్రాంతం వారు ముందు జహీరాబాద్ ప్రభుత్వ ఆస్పత్రిలోనో, సంగారెడ్డిలోనో చూపించుకోవచ్చు. పెద్ద చికిత్సకు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషన్ ఆ పథకంలో ఉందా, ఏ ఆస్పత్రిలో చేస్తారు అని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. దగ్గర కదా అని బీదర్ వెళ్లేవారు, అది వేరే రాష్ట్రం గనుక మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో తెలుసుకుని బయలుదేరండి.

వచ్చేటప్పుడు తీసుకురావలసినవి: పాత స్కాన్ ఫిల్ములు (రిపోర్టు కాగితం ఒక్కటే కాదు), వాడుతున్న మందుల చీటీలు, షుగర్, బీపీ పుస్తకం, పాత ఫొటో. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

9. చేయకూడనివి

– నుదుటి మీద వాతలు పెట్టించకండి. కాల్చిన చర్మం మానవచ్చు, లోపలి సంచి అలాగే ఉంటుంది.
– వాపును సూదితో గుచ్చించకండి. దాని వెనుక మెదడు ఉందని మరువకండి.
– ముక్కు బిగుసుకుపోతే వేసే చుక్కల మందును అయిదు రోజులకు మించి వాడకండి. అలవాటైతే ముక్కు ఇంకా ఎక్కువగా మూసుకుంటుంది.
– చీటీ లేకుండా స్టెరాయిడ్ బిళ్లలు, సూదులు తీసుకోకండి. వాపు తగ్గినట్లు కనిపిస్తుంది, షుగర్ పెరుగుతుంది, జబ్బు దాగిపోతుంది.
– పసిపిల్లలకు మరిగే గిన్నెతో ఆవిరి పట్టకండి. కాలిన పిల్లలు ఎందరో.
– పచ్చి బోరు నీళ్లు, చెరువు నీళ్లు ముక్కులోకి ఎక్కించకండి. మెదడును దెబ్బతీసే అమీబా ఆ దారినే పోతుంది. డాక్టరు ముక్కు కడుక్కోమంటే నీళ్లు బాగా మరిగించి చల్లార్చి, గ్లాసు నీళ్లకు (250 మి.లీ.) అర టీ స్పూను ఉప్పు కలిపి, శుభ్రమైన సీసాతో కడగండి.

10. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: నొప్పి లేదు గదా, ఎందుకు ఆపరేషన్?
జవాబు: మ్యూకోసీల్ చాలాకాలం నొప్పి లేకుండానే ఎముకను అరగదీస్తుంది. నొప్పి వచ్చేదాకా ఆగితే చీము పట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఇది అంటుకుంటుందా? పిల్లలకు వస్తుందా?
జవాబు: అంటుకోదు. వేరే కంచం, వేరే గ్లాసు అక్కరలేదు. అలర్జీ గుణం మాత్రం కుటుంబాల్లో ఉండవచ్చు.

ప్రశ్న: రెండు కళ్లూ పొడుచుకు వస్తే కూడా సైనసేనా?
జవాబు: రెండు కళ్లూ అయితే ముందు థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. ఒక్క కన్ను అయినా కొన్నిసార్లు థైరాయిడ్ కావచ్చు. తేల్చవలసింది డాక్టరే.

ప్రశ్న: సైనస్ పెద్దదని రిపోర్టులో ఉంది, డాక్టరు గారేమో ఏమీ లేదంటున్నారు. ఏది నిజం?
జవాబు: రెండూ నిజం కావచ్చు. కొందరికి పుట్టుకతోనే గది పెద్దగా ఉంటుంది. గాలి మాత్రమే ఉండి, గోడలు బాగుంటే, చూపు బాగుంటే నిశ్చింతగా ఉండండి.

గుర్తుంచుకోండి

1. సైనస్ జబ్బు కాదు, గది. పెద్దదైతే "లోపల ఏముంది?" అని అడగండి.
2. గాలి అయితే పక్కన వేరే జబ్బు లేదని చూసుకుని నిదానించవచ్చు. జిగురు అయితే నొప్పి లేకున్నా చికిత్స కావాలి. బూజు అయితే ఏ రకమో తెలుసుకోవాలి. గడ్డ అయితే ఆలస్యం కూడదు.
3. ఎప్పుడూ ఒకే వైపు బాధ ఉంటే పరీక్ష చేయించండి.
4. చూపు తగ్గితే ఆ రోజే ఆస్పత్రికి రండి.

ప్రియులారా, రోగి తన ముఖంలోని మార్పును తాను చూడలేడు. చూసేది మీరే. ఈ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మీ ఇంటివారి ముఖం వైపు ఒక్కసారి శ్రద్ధగా చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే సిగ్గుపడకుండా, భయపడకుండా ఓపీకి తీసుకురండి. ప్రార్థన చేయండి, చికిత్స కూడా చేయించండి. ఆ రెండింటికీ విరోధం లేదు. మన ప్రభువు గుడ్డివారి కన్నులు తెరిచినవాడు. ఆయన మీ ఇంటివారి కంటి వెలుగును కాపాడును గాక. ఆమెన్.